సుషీ అయితే యమ్మీ, తలకాయ కూరైతే?

వైవిధ్యం నేర్పాలని పిల్లలకి బొమ్మల పుస్తకాలు కొంటున్నాం. మంచిదే. వాటిలో ఆఫ్రికా పిల్ల ఉంటుంది, జపాన్ పిల్లాడుంటాడు. కనిగిరి బడిలో పక్కన కూర్చునే సాయిబుల పిల్ల, మాదిగపల్లె పిల్లాడు మాత్రం ఉండరు.

అలాంటి కథలు లేవనకండి. 2008లోనే హైదరాబాద్‌లోని అన్వేషి ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో బొమ్మల కథలు తెచ్చింది, తెలుగులో కూడా. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు రాశారు. ఖదీర్‌బాబు కథయితే ఏకంగా తలకాయ కూర గురించే. సుషీ బొమ్మ చూపించి ‘యమ్మీ’ అనిపించే మనం ఈ పేజీ రాగానే ఎందుకు గొంతు తగ్గిస్తాం? సుషీ తినేవాడు మనింటికి రాడు కదా, వాడితో పేచీ లేదు. తలకాయ కూర తినేవాడు మధ్యాహ్నం క్యారేజీ విప్పి మన పిల్ల పక్కనే కూర్చుంటాడు. ఆ కూర మన పిల్లని ఒక్కసారైనా రుచి చూడనిచ్చామా?