రాజు చెక్కించిన మాట, చర్మకారుడు చెక్కించిన మాట



"చరిత్ర ఒక్కటే. దాన్ని కులానికొకటి, మతానికొకటి చేసి దేశాన్ని ముక్కలు చేయకండి" అని మనకు హితవు చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మేము ఎక్కడైనా అంబేద్కర్ జయంతి సభలో మాట్లాడి వేదిక దిగామంటే చాలు, ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి భుజం మీద చెయ్యేసి ఇదే మాట అంటాడు. వినడానికి మంచి మాటలాగే ఉంటుంది. ఆ ఒక్క చరిత్రను రాసిందెవరు, రాసేటప్పుడు ఎవరిని అడిగి రాశారు అని మనం అడిగితే మాత్రం ఆ చెయ్యి భుజం మీంచి జారిపోతుంది.

న్యాయశాస్త్రం చదువుకున్న వాళ్లుగా మాకు ఈ వాదన ముందు నుంచీ వింతగానే తోస్తుంది. గట్టు తగాదా అయినా సరే, ఎదుటి పక్షం వినకుండా తీర్పు చెబితే పైకోర్టు ఆ తీర్పును కొట్టేస్తుంది. సాక్షి ఎంత గొప్పవాడైనా క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాల్సిందే. మరి రెండు వేల ఏళ్ల దావాలో ఒక పక్షం సాక్షులనే పిలిచి, వాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, తీర్పును ఆరో తరగతి పిల్లవాడి చేత బట్టీ పట్టించడం ఏ న్యాయం?

మాట గాలిలో వదలకుండా రాతి సాక్ష్యమే చూద్దాం.

గౌతమీపుత్ర శాతకర్ణి పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఆయన మీద సినిమా కూడా వచ్చింది. ఆయన గొప్పతనానికి ప్రధాన ఆధారం నాసిక్ శాసనం. ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ, మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట చెక్కించింది. శకులను, యవనులను, పహ్లవులను ఓడించాడనీ, క్షత్రియుల గర్వం అణచాడనీ, సాటిలేని బ్రాహ్మణుడనీ ఆ శాసనం పొగుడుతుంది. నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపాడని కూడా పొగుడుతుంది. మన పుస్తకాలు ఇంతవరకూ వచ్చి ఆగిపోతాయి. పిల్లలు పరీక్షలో రాసేదీ ఇంతే.

ఇప్పుడు ఈ సాక్షిని మనం రెండు ప్రశ్నలు అడుగుదాం. మొదటిది, అమ్మా, ఈ శాసనం ఎక్కడ చెక్కించావు? బౌద్ధ గుహలో. భదాయనీయ భిక్షువులకు ఆ గుహను దానమిస్తూ చెక్కించింది. అంటే వర్ణ ధర్మాన్ని నిలబెట్టిన కొడుకును పొగిడే తల్లి, అదే రాతి మీద బుద్ధుని సంఘానికి నివాసం ఇస్తోంది. (ఆ గుహల సముదాయాన్ని ఇప్పుడు జనం పాండవుల గుహలు అంటారు. భిక్షువులు వెళ్లిపోయాక పాండవులు వచ్చి కూర్చున్నారు. పేరు మార్చడం కూడా ఒక రకం చరిత్ర రచనే మరి.) రెండో ప్రశ్న, నీ కొడుకు వర్ణ సంకరం ఆపాడన్నావే, ఆపడానికి అది జరుగుతూ ఉండాలి కదా? ఎవరూ చేయని పనిని ఆపినందుకు ఎవరినీ పొగడరు. ఆ కాలంలో మనుషులు వర్ణాల గీతలు దాటుతున్నారని, దాన్ని చూసి ఏలినవాళ్లు కంగారు పడ్డారని ఆ పొగడ్తే ఒప్పుకుంటోంది. కోర్టు భాషలో చెప్పాలంటే ఇది ఎదుటి పక్షం సొంత నోటి మాట. దీనికంటే బలమైన సాక్ష్యం మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఒక్క అక్షరం మార్చలేదు. రాయి అదే, లిపి అదే. చదివే చోటు మారితే అందులో రెండో కథ కనిపించింది.

ఇక అమరావతికి రండి. మహాస్తూపం ఎవరు కట్టించారని హాస్టల్ పిల్లలను అడిగితే "సాతవాహన రాజులు" అని టక్కున చెబుతారు. మార్కులు వస్తాయి. కానీ అక్కడ దొరికిన దాన శాసనాల్లో ఎక్కువ మంది రాజులు కారు. వర్తకులు, గృహపతులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లు, భిక్షుణులు, ఉపాసికలు. వాళ్లలో ఒకడు విధికుడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తన వృత్తిని దాచకుండా 'చమ్మకార' అని చెక్కించుకున్నాడు, అంటే చర్మకారుడు. పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి దానమిచ్చాడు.

నిదానంగా చదవండి. తోలుపని చేసే మనిషి. తండ్రి ఉపాధ్యాయుడు. దానం చేసే స్థోమత ఉంది, చేసినందుకు రాతి మీద పేరు ఉంది, ఆ రాయి ఊరి బయట కాకుండా ఆ కాలపు అతి పవిత్రమైన కట్టడంలో ఉంది. తోలు ముట్టినవాడు గుడి మెట్టెక్కితే మైలపడుతుందన్న రోజులు మన తాతలు చూశారు. ఆ రోజులు సృష్టి మొదటి నుంచీ ఉన్నవి కావని, మధ్యలో ఎవరో తెచ్చిపెట్టినవని చెప్పడానికి విధికుడి పలక ఒక్కటి చాలు. విధికుడు ఫలానా కులం వాడని మేము అనడం లేదు, ఈనాటి కులం పేరు ఆయనకు అంటించడం తప్పు. కానీ చెప్పులు కుట్టేవాడి కూతురు బడిలో కూర్చుని శాతకర్ణి గుర్రాల గురించి వింటున్నప్పుడు, అదే కాలంలో తోలుపని చేసిన మనిషి పేరు కూడా రాతి మీద ఉందని ఆమెకు ఎందుకు చెప్పరు?

ఆ స్తూపం నేలమట్టమైన కథకూ ఒక్క ముఖం లేదు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్నం కట్టించాడు, ఆయన ధర్మప్రభువు అన్నది ఒక కథ. అప్పట్లో దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బ నుంచే పట్నానికి రాళ్లు తవ్వుకుపోయారు. తెల్లదొరలు వచ్చి శిల్పాలను కాపాడారన్నది రెండో కథ. మెకంజీ బొమ్మలు గీయించాడు, నిజమే. ఇలియట్ 1845లో తవ్వించిన శిల్పాలు చివరికి లండన్ చేరాయి, ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. 1880లో మద్రాసు గవర్నర్ హుకుంతో మొత్తం తవ్వించేస్తే, తర్వాత వచ్చిన బర్జెస్‌కు మిగిలింది పెద్ద గుంట. జమీందారు కథ జమీందారు మనుషులు చెప్పారు, దొర కథ దొరలు రాసుకున్నారు. ఆ దిబ్బ పక్కన బతికి, ఆ రాళ్లు మోసిన కూలీల కథ ఎవరూ రాయలేదు.

"మరి ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటే అదీ చరిత్రేనా?" అని అడుగుతారు. కాదు. పులుమావి 19వ ఏడు అందరికీ 19వ ఏడే. ఆధారం లేని మాట ఏ కులం వాడు చెప్పినా ఆధారం లేని మాటే. ఈ కొలత మన వాళ్లకూ వర్తిస్తుందని మేము గట్టిగా చెబుతున్నాం. పుష్యమిత్ర శుంగుడు భిక్షువు తలకు నూరు దీనారాలు వెల కట్టాడని దివ్యావదానం చెబుతుంది. మన వేదికల మీద ఇది రోజూ వినిపిస్తుంది. బాబాసాహెబ్ కూడా శుంగుల కాలాన్ని బౌద్ధం మీద జరిగిన ప్రతీఘాత విప్లవంగా చూశారు. అయితే భార్హుత్ స్తూప తోరణం మీద 'శుంగుల రాజ్యంలో' కట్టినట్టు శాసనం ఉంది. ఈ రెండో రాయిని దాచిపెట్టి మొదటి పుస్తకాన్నే ఊపితే, మనకూ మన భుజం మీద చెయ్యేసిన పెద్దమనిషికీ తేడా ఏముంది? రాజు ద్వేషించినా వర్తకులు, చేతిపనుల వాళ్లు స్తూపాలు కట్టుకున్నారా? రాజును మించి జనంలో బౌద్ధం పాతుకుపోయిందా? లేక దివ్యావదానం రాసినవాళ్లు తమ బాధను పెంచి రాశారా? ఈ ప్రశ్నలకు భయపడాల్సిన అవసరం మనకు లేదు. 1948లో అంటరానివాళ్ల మీద పుస్తకం రాస్తూ, దొరికిన ఆధారాల మధ్య ఖాళీలను ఊహతో పూడుస్తున్నానని బాబాసాహెబే బాహాటంగా చెప్పుకున్నారు. ఏది రుజువో, ఏది ఊహో పాఠకుడికి విడమరిచి చెప్పే ధైర్యం అది.

కాబట్టి వచ్చే వైశాఖ పూర్ణిమకు అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు వెళ్లే ధమ్మ యాత్రల వాళ్లకు మా విన్నపం. పంచశీల చదివి, ఫోటో దిగి, బస్సు ఎక్కేయకండి. శాసనాల తెలుగు అనువాదాలు జిరాక్స్ తీసి పిల్లల చేతికి ఇవ్వండి. నాగార్జునకొండలో రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన సోదరి చాంతిశ్రీ మహాచైత్యానికి దానం చేసింది. ఆ ఒక్క ఇంట్లో ఎన్ని చరిత్రలు ఉన్నాయో వాళ్లనే వెతకనివ్వండి.

విధికుడి పలకనూ వదలొద్దు. ఆ శాసనంలో తండ్రి పేరు నాగుడని ఉంది, కొడుకు పేరూ నాగుడని ఉంది. తల్లితో, భార్యతో, కూతుళ్లతో కలిసి దానం చేశానని కూడా ఉంది, కానీ వాళ్ల పేర్లు లేవు. యాత్రలో ఏ ఆడపిల్లైనా ఆ పేర్లు ఏవని అడిగితే, దయచేసి "అది వేరే విషయం" అనకండి.