వడ్ల లెక్క, బియ్యం లెక్క

మూసీ నది కృష్ణలో కలిసే మా వాడపల్లి నుంచి రోజూ మిర్యాలగూడకు వెళ్ళి, అక్కడి ఒక బియ్యం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా లెక్కలు రాసినవాడిని. అందుచేత ఎవరు ఏ పని గురించి చెప్పినా, దాని లెక్క ఎలా రాస్తున్నారని అడగడం నాకు అలవాటు. ఈ నెల, గురువు లేకుండా ఇంటి వద్దనే పరాయి భాషలు నేర్చుకొనేవారు తమ ప్రగతికి లెక్క ఎలా రాసుకోవాలో ముచ్చటించుకుందాము. ఈ ఆలోచనకు కారణం మా తమ్ముడి కుమార్తె.

ఆ అమ్మాయి నర్సింగు చదివింది. జర్మనీ, జపాన్ దేశాలలో పనిచేయదలచిన నర్సులకు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాషా శిక్షణ ఇప్పిస్తున్నదని మనలో చాలామందికి తెలుసు. తల్లి అనారోగ్యం వల్ల ఇల్లు విడిచి వెళ్ళి శిక్షణ పొందే వీలు మా అమ్మాయికి లేకపోయింది. ఫోనులో ఒక యాప్ పెట్టుకొని జర్మను భాష తానే నేర్చుకోసాగింది. నమాజులో చదివేది అర్థం కావాలని అరబీ కూడా మొదలుపెట్టింది. తేలికగా వస్తున్నదని స్పానిష్ కూడా చేర్చింది.

నిరుటి రమజానులో ఒకనాడు ఇఫ్తారు తరువాత ఫోను తెచ్చి నాకు చూపించింది. “బడే అబ్బా, నాలుగు వందల పది రోజులు! ఒక్క రోజు కూడా తప్పలేదు” అన్నది. నిజంగా మెచ్చుకోదగిన పట్టుదల. అయినా నా అలవాటు ఊరుకోనిచ్చిందా? “మాషా అల్లాహ్. బేటీ, ఒక ముసలాయన వచ్చి నీ ముందు కూర్చుని ఛాతీలో నొప్పి అన్నాడనుకో. ఎప్పటి నుంచి, ఎటువైపు, మందులేమైనా వాడుతున్నావా అని జర్మనులో అడుగు, వింటాను” అన్నాను.

అమ్మాయి నోరు తెరిచింది. ఒక పదం వచ్చింది, రెండవది రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనే మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. పరీక్ష రుసుముకూ, పుస్తకాలకూ, ఆపై ప్రయాణానికీ అవసరమవుతుందని అప్పటికే కొంత సొమ్ము బదులు తెచ్చి ఉంచినవాడు. అతడు ఏమీ అనలేదు. ఆ మౌనం అమ్మాయిని మరింత బాధించింది.

ఆ రాత్రి ఆమెకు మిల్లు సంగతి చెప్పాను. మిల్లులో రెండు లెక్కలుంటాయి. లోపలికి వచ్చిన వడ్ల లెక్క ఒకటి, బయటికి వెళ్ళిన బియ్యం లెక్క మరొకటి. ప్రభుత్వం వడ్లు ఇచ్చి మరపట్టమన్నప్పుడు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలని నియమం. ఎన్ని లారీల వడ్లు దిగాయో చెప్పి సరిపెడతామంటే ఏ అధికారీ ఒప్పుకోడు. నాలుగు వందల పది రోజులు వడ్ల లెక్క. రోగిని నాలుగు ప్రశ్నలు అడగగలగడం బియ్యం లెక్క. నీ ఫోను మొదటిది చక్కగా రాసింది, రెండవది నీవే రాసుకోవాలి అన్నాను.

పిల్లకు చెప్పాను గాని, ఇంటికి వచ్చాక నా లెక్క నాకు గుర్తుకు వచ్చింది. లెక్క అడగబడే దినానికి ముందే మీ లెక్క మీరు చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) హితవు చెప్పిన సంగతి మనం ప్రసంగాలలో వింటూనే ఉంటాము. ఏడవ ఏట నుంచి ఖుర్ఆన్ పారాయణం చేస్తున్నవాడిని. అరవై దాటిన తరువాత మూడేళ్ళుగా అరబీ నేర్చుకుంటున్నానని అందరికీ చెప్పుకుంటున్నవాడిని. మరునాడు ఫజ్ర్ తరువాత, అలవాటు లేని ఒక పేజీని కాగితం మీద రాసుకొని, అర్థం తెలిసిన పదాల కింద పెన్సిలుతో గీతలు గీశాను. సుమారు నూట ఇరవై పదాలలో నలభై నాలుగింటి కింద గీతలు పడ్డాయి. అనువాదంతో సరిచూస్తే అందులో పదమూడు తప్పు. మిగిలినవి ముప్పై ఒకటి.

ఆ పదమూడు ఎందుకు తప్పాయో ఉర్దూ తెలిసిన ప్రతి ఇంటివారూ గమనించాలి. ఉర్దూ మనకు గొప్ప పెట్టుబడి. కితాబ్, ఇల్మ్, సబ్ర్, రహ్మత్, హిసాబ్ వంటి వందలాది పదాలు ముందే మన చేతిలో ఉంటాయి. తెలుగు మాత్రమే తెలిసినవారి చేతులూ ఖాళీ కావు. హక్కు, జవాబు, హాజరు, వకీలు, జిల్లా, చివరికి రైతు అనే మాట కూడా అరబీ మూలం నుంచే మన నోటికి చేరాయి. కాని తెలిసిన పదమే ఒక్కోసారి మోసం చేస్తుంది. ఉర్దూలో ‘గరీబ్’ అంటే పేదవాడు, అరబీలో పరాయివాడు, అపరిచితుడు. ఉర్దూలో ‘షరాబ్’ అంటే మద్యం. ఖుర్ఆన్‌లో తేనెటీగల కడుపు నుంచి వెలువడే తేనెను తెలిపే చోట అదే పదం పానీయం అనే అర్థంలో వచ్చింది. కనుక ‘ఇది నాకు తెలుసు’ అని గీత గీయడానికి ముందు సరిచూడవలసిందే. సరిచూడకుండా గీసిన గీత తాలును కూడా తూకంలో వేయడమే.

బియ్యం లెక్క రాయాలంటే ఈ భాష దేనికి అన్నది ముందు తేలాలి. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) వృత్తాంతం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. యూదులతో సాగే ఉత్తర ప్రత్యుత్తరాల కోసం వారి లిపిని నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. పక్షం రోజులు గడిచేలోగా ఆయన నేర్చుకున్నారనీ, ఆపై వారికి వెళ్ళే లేఖలు రాయడం, వారి నుంచి వచ్చిన లేఖలు చదివి వినిపించడం ఆయన వంతు అయిందనీ తిర్మిజీ హదీసు గ్రంథం తెలుపుతున్నది. ఆయన మేధాశక్తిని మెచ్చుకొని ఊరుకోకుండా, ఆ పని ఎంత స్పష్టంగా నిర్ణయమైందో కూడా చూడాలి. లేఖ చదవగలగాలి, లేఖ రాయగలగాలి. అంత స్పష్టమైన గమ్యం ఉంటే ఎంతవరకు వచ్చామో ఎవరికి వారే చెప్పుకోగలరు.

మన నేలకు చెందిన ఉదాహరణ కూడా ఉన్నది. మా ఊరి దగ్గర కృష్ణలో కలిసే మూసీ హైదరాబాదును వరదలో ముంచెత్తిన 1908వ సంవత్సరంలోనే ఆ నగరంలో డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ జన్మించారు. ఉర్దూ మాధ్యమంతో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. తరువాత జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్‌లోనూ డాక్టరేటులు పొందారు. 1948 తరువాత పారిస్‌లోనే స్థిరపడి, 2002 డిసెంబరులో అమెరికాలో కన్నుమూశారు. ఆయనకు ఇరవైకి పైగా భాషలు వచ్చుననీ, ఎనభై దాటిన వయసులో థాయ్ భాష నేర్వసాగారనీ ఆయన గురించి రాసినవారు చెబుతారు. ఆ సంఖ్య అటుంచి, ఆయన పనినే చూద్దాము. 1959లో ఖుర్ఆన్‌కు ఫ్రెంచి అనువాదం వెలువరించారు. దైవప్రవక్త (స) జీవితాన్ని రెండు సంపుటాలలో ఫ్రెంచిలోనే రాశారు. ఐరోపా గ్రంథాలయాలలోని అరబీ రాతప్రతులను పరిశోధించి ప్రచురించారు. 1980లో బహావల్‌పూరులో పన్నెండు ఉపన్యాసాలు మళ్ళీ మాతృభాష ఉర్దూలోనే ఇచ్చారు. ఎన్ని భాషలు వచ్చునన్న ప్రశ్నకు ఆ గ్రంథాలే సమాధానం.

అయితే ఒకటికి మించి భాషలు పెట్టుకున్నవారికి కాలమే పెద్ద చిక్కు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే అనుభవంతో ఒక అంచనా వేసింది. ఆంగ్లం మాతృభాషగా గలవారు ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషలలో పని జరుపుకోవడానికి తరగతిలో సుమారు 600 నుంచి 750 గంటలు, అరబీకి 2,200 గంటలు కావాలి. మన సంగతి కొంత వేరు కావచ్చు. అయినా రోజుకు గంట చొప్పున 2,200 గంటలంటే ఆరేళ్ళు. ఆ గంటనే మూడు భాషలకు సమంగా పంచితే పద్దెనిమిదేళ్ళు.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే మా ప్రాంతం వారికి దీన్ని వివరించనక్కర లేదు. నీరు తక్కువైన ఏడు అన్ని తూములూ ఒకేసారి తెరిస్తే చివరి పొలానికి చుక్క చేరదు. అందుకే వంతులవారీగా నీరు వదులుతారు. భాషలకూ అంతే. ఒక కాలంలో ఒక భాషకే నిండు నీరు, రెండవదానికి ఎండిపోకుండా తడి. మా అమ్మాయి జర్మనుకు రోజూ గంటన్నర, అరబీకి ఫజ్ర్ తరువాత పది నిమిషాలు ఉంచుకొని స్పానిష్‌ను పక్కన పెట్టింది. పక్కన పెట్టిన తేదీ కూడా పుస్తకంలో రాయించాను. మానేసినదాన్ని దాచడం కంటే రాసి ఉంచడం మేలు.

ఇక ఆ పుస్తకం సంగతి. ఇరవై రూపాయల గీతల పుస్తకమే చాలు. ఒక్కో భాషకు వేరుగా కొన్ని పేజీలు కేటాయించి, ప్రతి పేజీని వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అని నాలుగు నిలువు గడులుగా విభజించాలి. గడిలో ఆ రోజు వెచ్చించిన నిమిషాలు రాయాలి. ఇది వడ్ల లెక్క. నెలకొకసారి పుస్తకం మూసి పరీక్ష పెట్టుకోవాలి. ఫోనులో ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేయడం, కొత్త పేజీ ఒకటి చదివి తెలిసిన పదాలు లెక్కించడం, ఎవరికైనా చిన్న లేఖ రాయడం, ఒక వార్త విని సారాంశం తెలుగులో చెప్పడం. ఇది బియ్యం లెక్క. నిరుటి రికార్డును ఈ ఏడు వింటే ప్రగతి చెవులకే తెలుస్తుంది.

ఫలితాన్ని ‘బాగుంది, ఫరవాలేదు’ అని రాయకూడదు. ‘రోగి పేరు, వయసు, నొప్పి ఉన్న చోటు అడగగలను’ అని రాయాలి. ఐరోపా మండలి 2001లో ప్రకటించిన భాషా ప్రమాణం ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లనూ ఈ విధంగానే, నేర్చినవారు ఏ పని చేయగలరన్న వాక్యాలతో నిర్వచించింది.

మరపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రవేత్త అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, మరపు తీరును కొలిచి 1885లో ప్రకటించాడు. నేర్చినదాన్ని ఒక రోజు తరువాత తిరిగి నేర్చుకోబోతే, మొదటి శ్రమలో మూడవ వంతు మాత్రమే ఆదా అయిందట. దీనికి విరుగుడుగా 1970 దశకంలో సెబాస్టియన్ లైట్‌నర్ అనే రచయిత అట్టపెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. పెట్టెను ఐదు అరలు చేసి, కొత్త పదాల చీటీలన్నీ మొదటి అరలో ఉంచాలి. అర్థం సరిగా చెప్పిన చీటీ తరువాతి అరకు వెళుతుంది, తప్పినది మొదటి అరకు తిరిగి వస్తుంది. మొదటి అరను రోజూ, వెనుకటి అరలను అంతకంతకూ ఎక్కువ ఎడంతో చూడాలి. మా అమ్మాయి చెప్పుల పెట్టెతో దీన్ని తయారుచేసుకున్నది. చివరి అరలో ఎన్ని చీటీలు చేరాయో నెలకొకసారి లెక్కించి రాస్తుంది.

ఏడు నెలల తరువాత హైదరాబాదు వెళ్ళి బీ1 పరీక్ష రాసింది. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బీ2 అడుగుతారు, ఇది దానికి ముందు మెట్టు. ఈ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేర్వేరు భాగాలు. ఒక్కోదానికి నూరు మార్కులు, అరవై వస్తేనే ఉత్తీర్ణత. మూడింటిలో నెగ్గింది. వినడంలో అరవైకి తక్కువ వచ్చాయి.

ఇంట్లో మళ్ళీ ఆ పాత మౌనం. “ఇక చాలు, పెళ్ళి సంగతి చూద్దాము” అని బంధువులు అననే అన్నారు. అమ్మాయి గదిలోకి వెళ్ళి గీతల పుస్తకం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. “అబ్బా, చూడండి. ఏడు నెలల్లో చదవడానికి 128 గంటలు, వినడానికి 37. తప్పింది భాష కాదు, ఈ గడి” అన్నది. మా తమ్ముడు ఎక్కువ చదువుకున్నవాడు కాడు. కాని కౌలు లెక్కలు, ఎరువుల లెక్కలు చూసినవాడు. ఆ గడుల మీద చాలాసేపు వేలు పెట్టి చూశాడు. “ఆ ఒక్క భాగమే మళ్ళీ రాయనిస్తారా?” అని అడిగాడు. ఇస్తారు. మరుసటి రోజు ఉదయం నుంచి వంటింట్లో జర్మను రేడియో వినిపించసాగింది.

‘నాకు రాదు’ అనే మాటకు మందు లేదు. ‘నేను వినడం తక్కువైంది’ అనే మాటకు మందు ఉన్నది. మొదటి మాట నుంచి రెండవ మాటకు తీసుకువెళ్ళడమే లెక్క చేసే మేలు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ఈ పుస్తకం పదిమందికి చూపి మెప్పు పొందడానికి కాదు. చూపుడు కోసం రాసే లెక్కలో అంకెలు తమంతట తామే పెరుగుతాయి. విద్యలో ప్రదర్శన బుద్ధి ఎంత ప్రమాదమో మన పెద్దలు హెచ్చరించే ఉన్నారు. అవసరం వచ్చిననాడు ఇంటివారి ముందు పెట్టగలిగేంత నిజాయితీగా ఉంటే చాలు.

అమ్మాయి వచ్చే నెలలో వినడం భాగాన్ని తిరిగి రాయబోతున్నది. ఆమె కోసం దుఆ చేయండి. నా పేజీ సంగతి అడుగుతారేమో. పోయిన శుక్రవారం కొత్త పేజీలో, సరిచూసిన తరువాత, నూట ఇరవైలో డెబ్బై నాలుగు. మిగిలిన నలభై ఆరు చీటీలు మొదటి అరలో ఉన్నాయి.