టికెట్ డబ్బు తిరిగిస్తే సరిపోతుందా?

2025 డిసెంబరు 5న ఢిల్లీ నుంచి బయల్దేరాల్సిన తన దేశీయ విమానాలన్నిటినీ ఇండిగో అర్ధరాత్రి దాకా రద్దు చేసింది. దేశమంతటా ఆ ఒక్కరోజే ఆగిపోయిన ఇండిగో సర్వీసులు వెయ్యికి పైనే. టెర్మినల్‌లో సూట్‌కేసులు గుట్టలు పడ్డాయి, తమ పెట్టె ఏ గుట్టలో ఉందో తెలియక జనం అల్లాడిపోయారు.

ఇదేమీ హఠాత్తుగా వచ్చిపడిన విపత్తు కాదు. పైలట్ల విశ్రాంతి, రాత్రి డ్యూటీలపై కొత్త నిబంధనల రెండో విడత నవంబరు 1న అమల్లోకి వస్తుందని సంస్థకు ముందే తెలుసు. సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడం ముమ్మాటికీ యాజమాన్యం తప్పే.

విమానం రద్దయితే వేరే విమానమో, పూర్తి డబ్బో ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. కాగితం మీద బాగానే ఉంది. కానీ దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా ఒకే సంస్థను నమ్ముకున్నప్పుడు మిగతా విమానాల్లో సీట్లెక్కడివి? ఉన్న కొన్నిటి ధరలూ ఆకాశాన్నంటాయి. చివరికి కేంద్రమే డిసెంబరు 6న పరిమితులు పెట్టింది. ఢిల్లీ–హైదరాబాద్ లాంటి దూరానికి మూల చార్జీ 15,000 రూపాయలు దాటకూడదంది. పెళ్లికో, పరీక్షకో చేరుకోలేకపోయిన మనిషికి వాపసు సొమ్ము ఏపాటి ఊరట?

రద్దు చేసిన సంస్థే, అవసరమైతే పోటీ సంస్థ విమానంలోనైనా, తన ఖర్చుతో ప్రయాణికుణ్ణి గమ్యం చేర్చాలి. డీజీసీఏ దీన్ని తప్పనిసరి చేయాలి.