గాయానికి పథ్యమా?



తిరుమలగిరి మండలంలోని ఒక గ్రామానికి ఇంటి ప్రార్థనకు వెళ్ళాము. ఆ ఇంటి కోడలు బర్రెలకు గడ్డి కోస్తుండగా కొడవలి జారి పిక్క తెగిందట. కుట్లు వేయించారు, ధనుర్వాతం సూది కూడా అయింది. పది రోజులైనా గాయం పచ్చిగానే ఉంది. ఏమి తింటున్నావమ్మా అని అడిగాము. "కారప్పొడి, అన్నమే అయ్యగారూ. పప్పు, గుడ్డు తింటే చీము పడ్తదని అత్తమ్మ పెడ్తలేదు" అన్నది.

అత్తమ్మది ప్రేమే, సందేహం లేదు. కాని చీము పట్టించేది పప్పు కాదు, గాయంలో చేరిన క్రిములు.

దెబ్బ తగిలిన చోట మొదట నెత్తురు గడ్డకడుతుంది. తెల్ల రక్తకణాలు వచ్చి మురికిని, క్రిములను తీసివేస్తాయి. ఆ తరువాత వేరే కణాలు అక్కడికి చేరి కొల్లాజెన్ అనే దారాలు తయారుచేసి తెగిన చోటును కలుపుతాయి. మేక కాళ్ళ షోర్వా చల్లారితే జిగురుగా గడ్డకట్టేది ఉడికి కరిగిన కొల్లాజెనే. ఈ దారం మూడు పేటలు పెనవేసిన తాడు వంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చూపించారు. అది చదివినప్పుడు ప్రసంగి గ్రంథంలోని మూడు పేటల త్రాడు మాకు జ్ఞాపకం వచ్చింది.

దారం కావాలంటే పత్తి కావాలి గదా. ఈ దారానికి పత్తి పప్పు, గుడ్డు, పాలు, మాంసమే. పేటలు విడిపోకుండా ఉండడానికి సి విటమిన్ కావాలి. బర్రె, మేక దానిని తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనుష్యులకు ఆ శక్తి లేదు, ఉసిరి, జామ, నిమ్మ వంటివి తినవలసిందే. 1740లో ఇంగ్లండు నుండి బయలుదేరిన ఆన్సన్ ఓడలలో తాజా పండ్లు, కూరలు లేక నావికులు స్కర్వీ వ్యాధి పాలయ్యారు. వారిలో ఒకనికి యాభై ఏండ్ల క్రితం యుద్ధంలో తగిలి మానిపోయిన గాయం మళ్ళీ తెరుచుకున్నదని ఆ ప్రయాణ వృత్తాంతంలో ఉంది. మచ్చ పడిన తరువాత కూడా లోపల పాత దారం పోతూ కొత్త దారం వస్తూనే ఉంటుందన్నమాట.

కుట్లు విప్పగానే నాట్లకు పంపేవారు ఇది కూడా వినాలి. మూడు వారాలకు ఆ చోటికి వచ్చేది మునుపటి బలంలో సుమారు అయిదో వంతే. మూడు నెలలకు 80 శాతం దాకా వస్తుంది. పూర్తి బలం ఎన్నటికీ రాదు.

పెద్దల వైద్యమంతా తప్పని మేము అనము. యెషయా కూడా హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. గాయంలో కాఫీ పొడి, బూడిద కూరడం మాత్రం వద్దు. షుగర్ ఉన్నవారు చిన్న పుండైనా డాక్టరుకు చూపించాలి. గాయం ఎర్రబడినా, వాసన వచ్చినా ప్రార్థన చేయించుకొని ఇంట్లో కూర్చోవద్దు, ప్రార్థన చేసుకొని ఆస్పత్రికి వెళ్ళండి. ఆ కోడలికీ అదే చెప్పాము.

బయటికి వస్తుంటే వాకిట్లో జామచెట్టు కనిపించింది. కాయలన్నీ అంగడికని గంపలో పోసి ఉన్నాయి. రెండు తీసి ఆ కోడలి చేతిలో పెట్టాము. అత్తమ్మ కాసేపు మా వైపు చూసి, "మరి గుడ్డు కూడ పెట్టమంటరా అయ్యగారూ?" అని అడిగింది.

రోజుకొకటి పెట్టమన్నాము.