ముందు బూట్లు

అమెరికా చదువుకొచ్చే పిల్లల సూట్‌కేసుల్లో ఆవకాయ తర్వాత ఎక్కువ చోటు స్వెట్టర్లదే. మినియాపోలిస్ లాంటి ఊళ్ళో అవి చాలవండీ. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌లో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 28 కింద లెక్క. అరగంటలో చెవులూ వేళ్ళూ గడ్డకట్టొచ్చు. బస్సు కోసం నిలబడేది ఆ గాలిలోనే మరి!

చెమటకి తడిసిన నూలు బనీను ఒంట్లో వేడిని లాగేస్తుంది. లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని, పైన గాలిని ఆపే కోటు ఉండాలి. అన్నిటికన్నా ముందు, మంచులో జారని బూట్లు.

డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకుని బూట్లు వాయిదా వేసేవాళ్ళని చాలామందిని చూశాను. ఫీజుకి లక్షలు అప్పు చేసి, కాలివేళ్ళ దగ్గర పొదుపేమిటి? నన్నడిగితే ఆ ఖర్చు కూడా చదువు అప్పులోనే కలుపుకోవాలి. అమ్మానాన్నలూ, ఈసారి ఫోన్లో "తిన్నావా" అన్నాక "బూట్లు కొన్నావా" అని కూడా అడగండి.