ఒకే రోడ్డు.. రెండు పరుగులు

జనవరి మూడో ఆదివారం, తెల్లవారుజామున 5 గంటలు. ముంబయిలో ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ ముందు వేలమంది నిలబడి ఉంటారు. బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, సాఫ్ట్‌వేర్‌వాళ్లు, రిటైరైన మాస్టార్లు, మీ వయసు కుర్రాళ్లు, అమ్మాయిలు. ఇంకా చీకటిగానే ఉంటుంది. వాళ్లు బయల్దేరిపోతారు. ఆ రోజు కప్పు ఎత్తబోయే మనిషి మాత్రం అప్పటికి రోడ్డు మీదకు రానే రాడు. ఎలైట్ రన్నర్ల పరుగు మొదలయ్యేది ఏడుంపావు దాటాక.

2024లో ఇథియోపియాకు చెందిన హైలే లెమి అక్కడ 2 గంటల 7 నిమిషాల 50 సెకన్లలో 42.195 కిలోమీటర్లు పూర్తిచేసి గెలిచాడు. లెక్క వేయండి. ఏడూ ఇరవైకి బయల్దేరినవాడు తొమ్మిదిన్నర కాకముందే వచ్చేశాడు. ఐదింటికే బయల్దేరి, నాలుగున్నర గంటల్లో పరుగు ముగించే మామూలు ఉద్యోగి కూడా దాదాపు అదే వేళకు అక్కడికి చేరతాడు. ఇద్దరూ చేరింది ఒకే గీత దగ్గరికి. ఒకరికి 50 వేల డాలర్ల బహుమతి. ఇంకొకరికి ఓ మెడల్, ఓ అరటిపండు, వారం రోజుల కాళ్లనొప్పులు. చిత్రమేమిటంటే ఇద్దరూ సంతోషంగానే ఉంటారు.

'జీవితం స్ప్రింట్ కాదు, మారథాన్' అన్న మాట మీరు వినే ఉంటారు. కోచింగ్ సెంటర్ గోడ మీద ఉంటుంది, మోటివేషన్ వీడియోల్లో ఉంటుంది, ఫేర్‌వెల్ రోజున ప్రిన్సిపల్ గారి ప్రసంగంలోనూ ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏ మారథాన్? లెమి పరిగెత్తిందా, ఆ ఉద్యోగి పరిగెత్తిందా? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మీరు అడగాలి. ఎందుకంటే ఆ రెండింటి మధ్య తేడా తెలియక ఇరవై రెండు నుంచి ముప్పై దాకా ఏళ్లకు ఏళ్లు పోగొట్టుకుంటున్నవాళ్లు మన అశోక్‌నగర్ రూముల్లో కొల్లలుగా ఉన్నారు.

ముందు ఎలైట్ సంగతి చూద్దాం. లెమి వేగం కిలోమీటరుకు సుమారు 3 నిమిషాల 2 సెకన్లు. ఇది ఎంతో తెలియాలంటే మీ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లి వంద మీటర్లు 18 సెకన్లలో పరిగెత్తి చూడండి. చాలామంది పరిగెత్తగలరు. ఇప్పుడు ఆగకుండా అదే వేగంతో ఇంకో 421 సార్లు పరిగెత్తాలి. మనకు నాలుగైదు రౌండ్లకే ఆయాసం వచ్చేస్తుంది. అతనికి పరుగు హాబీ కాదు, ఉద్యోగం. ఈ స్థాయి రన్నర్లు వారానికి 180, 200 కిలోమీటర్ల దాకా సాధన చేస్తారు. మిగతా టైమంతా తిండి, నిద్ర, విశ్రాంతి. ఏడాదికి పరిగెత్తే మారథాన్లు సాధారణంగా రెండు. అంటే ఆరు నెలల జీతం రెండు గంటల్లో తేలిపోతుంది. ఆ పూట కడుపులో తేడా చేస్తే అంతే సంగతులు.

అదే రోజు మన భారతీయ ఎలైట్ విభాగంలో మొదటివాడు ఎవరో తెలుసా? ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు శ్రీను బుగత. సమయం 2:17:29. 2020లోనూ అదే విభాగంలో ఆయనే గెలిచాడు. మన పత్రికల్లో క్రికెట్ పక్కన ఓ మూలన వచ్చిన వార్త అది. కిలోమీటరుకు 3 నిమిషాల 15 సెకన్ల చొప్పున పరిగెత్తిన మనిషి, లెమి కంటే తొమ్మిదిన్నర నిమిషాలు వెనక. మరి ఓడినట్టా? భారతీయ విభాగానికి బహుమతి వేరే ఉంటుంది. ఆయన ఆ రోజు పోటీ పడింది గోపీ థోనకల్ లాంటి తోటి భారతీయులతో. ముందుకెళ్లిపోయిన ఇథియోపియన్ల వెంటపడి, వాళ్ల వేగం అందుకోబోయి పాతిక కిలోమీటర్ల దగ్గర చతికిలపడితే ఉన్నది కూడా పోయేది. తన పోటీ ఎవరితోనో తెలిసి పరిగెత్తడం కూడా విద్యే.

ఇక మామూలు రన్నర్. పొద్దున్న ఆఫీసుకు ముందు ఓ గంట, ఆదివారం ఓ మూడు గంటలు. వారానికి యాభై కిలోమీటర్లు పరిగెత్తితే గొప్ప. పోటీ రోజు ఉత్సాహంలో మొదటి పది కిలోమీటర్లు ఉరుకుతాడు. సీ లింక్ మీద సముద్రపు గాలి, బ్యాండు మేళం, చుట్టూ జనం.. తెలియకుండానే వేగం పెరుగుతుంది. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుంది. రన్నర్లు దీన్ని 'గోడ' అంటారు. ఎదురుగా నిజంగానే గోడ కట్టినట్టు ఉంటుందట. సరిగ్గా అలాంటి వేళకే పెడర్ రోడ్డు ఎత్తు వస్తుంది. అప్పటిదాకా పరిగెత్తినవాళ్లు అక్కడ నడుస్తారు. రోడ్డు పక్కన జనం నారింజ తొనలు, బిస్కెట్లు, ఉప్పు చేతిలో పెడుతుంటారు. ఎలైట్లకు ఆ తొనలతో పని లేదు. ఎవరి డ్రింకు బాటిల్ వాళ్లకు ముందే బల్ల మీద పెట్టి ఉంటుంది.

మామూలు రన్నర్‌కి ర్యాంకు లేదు, జీతం లేదు. నిర్ణీత సమయంలోగా గీత దాటాడా లేదా, అంతే. ఎంతమంది దాటితే అంతమందికీ మెడల్. పక్కవాడు ముందు వెళ్లినంత మాత్రాన ఇతని మెడల్ పోదు.

ఇప్పుడు మన పరీక్షల సంగతికి వద్దాం. సీఏ ఫైనల్ ఉంది. పాస్ మార్కులు వస్తే పాసే, సీట్ల లెక్క లేదు. టెట్‌లో అర్హత సాధించడమూ అలాంటిదే. ఇవి గీత దాటే పరుగులు. ఆలస్యమైనా ఫర్వాలేదు, గోడ తగిలితే నడవండి, మళ్లీ రాయండి. ఇక్కడ మీ స్నేహితుడు మొదటి అటెంప్ట్‌లోనే కొట్టాడని మీరు కుంగిపోవడం అర్థం లేని పని. కానీ అదే టెట్ తర్వాత వచ్చే డీఎస్సీ? గ్రూప్-1? తెలంగాణలో 2024 నాటి గ్రూప్-1 నోటిఫికేషన్‌లో పోస్టులు 563. దరఖాస్తు చేసినవాళ్లు 4 లక్షల పైమాటే. ఇది లెమి పరిగెత్తిన పరుగు. ఇక్కడ 'పట్టుదలగా గీత దాటితే చాలు' అని మీకు ఎవరైనా చెబితే, ఆయన మీ ఫీజు కోసం చెబుతున్నాడో, తెలియక చెబుతున్నాడో మీరే తేల్చుకోండి.

అర్హతకీ ఎంపికకీ తేడా రన్నర్లకు కూడా బాగా తెలుసు. బోస్టన్ మారథాన్‌కి ఎవరు పడితే వారు వెళ్లలేరు. వయసును బట్టి అర్హత సమయం ఉంటుంది. 2025 పోటీకి 35 ఏళ్లలోపు పురుషులకు అది 3 గంటలు. మూడు గంటల్లోపు పరిగెత్తినవాళ్లంతా సంబరపడి దరఖాస్తు పెట్టారు. తీరా చూస్తే కటాఫ్ 6 నిమిషాల 51 సెకన్లు కిందికి దిగింది. 2 గంటల 55 నిమిషాల్లో పరిగెత్తినవాడికి కూడా సీటు రాలేదు. అర్హత ఉండీ వెనక్కి వచ్చినవాళ్లు 12 వేలమందికి పైగా. క్వాలిఫైయింగ్ మార్కులు దాటి, ఫైనల్ లిస్టులో పేరు లేని బాధ మనకు కొత్త కాదు కదా. వాళ్లు చేసిన పని ఒకటే. మరుసటి ఏడాదికి అర్హత సమయాన్ని కాదు, దానికంటే ఏడెనిమిది నిమిషాల కింది సమయాన్ని గురిగా పెట్టుకున్నారు. కొందరు బోస్టన్ వదిలేసి వేరే ఊరి పరుగు చూసుకున్నారు.

వదిలేయడం అనగానే మన ఇళ్లల్లో ముఖాలు మాడిపోతాయి. 'ఇన్నేళ్లు చదివి ఇప్పుడు మానేస్తావా?' అంటారు. ఇక్కడ ఎలియడ్ కిప్చోగే కథ చెప్పాలి. కెన్యా వాడు. 2003లో పద్దెనిమిదేళ్లకే పారిస్‌లో 5 వేల మీటర్ల ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత రెండు ఒలింపిక్స్‌లో కాంస్యం, రజతం. 2012 లండన్ ఒలింపిక్స్‌కి మాత్రం కెన్యా జట్టులోనే చోటు దక్కలేదు. సెలెక్షన్‌లో పోయాడు. ట్రాక్ మీద ఇంకో నాలుగేళ్లు కూర్చుని ఉండొచ్చు, ఒకప్పటి చాంపియన్ కదా! అతను పరుగు మానలేదు, దూరం మార్చాడు. 2013లో హాంబర్గ్‌లో మొదటి మారథాన్ పరిగెత్తి గెలిచాడు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు, 2022లో బెర్లిన్‌లో 2:01:09తో ప్రపంచ రికార్డు ఆ తర్వాతి సంగతులు. అదే కిప్చోగే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ముప్పై కిలోమీటర్లు దాటాక ఆగిపోయాడు. రోడ్డు పక్కన జనానికి తన బూట్లు ఇచ్చేసి వ్యాన్ ఎక్కాడు. ర్యాంకు పరుగులో ఎక్కడ ఆగాలో తెలియడం కూడా వృత్తిలో భాగం. కుంటుకుంటూ గీత దాటడం మామూలు రన్నర్‌కి గర్వకారణం. ఎలైట్‌కి అది తర్వాతి పోటీని పాడుచేసుకోవడం.

అందుకని గ్రూప్స్ రాయొద్దని చెప్పడం లేదు. రాయండి. అయితే ఎన్ని అటెంప్టులో, ఏ వయసు దాకానో, ఎన్ని డబ్బుల దాకానో మొదలుపెట్టేటప్పుడే కాగితం మీద రాసుకోండి. పరుగు మధ్యలో, ఒంట్లో శక్తి అడుగంటినప్పుడు తీసుకునే నిర్ణయాలు సరిగా ఉండవు. మొదటి నెలలో రోజుకు పదహారు గంటలు చదివి, మూడో నెలకు పుస్తకం ముట్టనివాళ్లను చూస్తూనే ఉన్నాం. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35తో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి సగానికి 60 నిమిషాల 48 సెకన్లు తీసుకున్నాడు. రెండో సగానికి 59:47. చివరికి వేగం పెరిగింది చూడండి. పాపం, నాలుగు నెలలకే రోడ్డు ప్రమాదంలో పోయాడు.

చిన్న మాట, ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు. రెజ్యూమెలో హాబీల కింద 'మారథాన్ రన్నర్' అని రాసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఐదు కిలోమీటర్లు పరిగెత్తితే అది 5కే, మారథాన్ కాదు. బోర్డులో ఒక్కరైనా రన్నర్ ఉంటారు, 'మీ టైమింగ్ ఎంత?' అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు '5కే, 32 నిమిషాలు' అని రాస్తేనే మాట్లాడటానికి ఏదైనా ఉంటుంది.

పరిగెత్తే ఓపిక లేకపోతే ఒకసారి వాలంటీరుగా వెళ్లండి. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కిదిగి గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. చివరి కిలోమీటర్లలో నీళ్లు అందించే బల్ల దగ్గర నిలబడండి. ముందు వచ్చేవాళ్లు మీ ముఖం కూడా చూడరు, గ్లాసు లాక్కుని పోతారు. ఎండ ఎక్కాక, ఫ్లైఓవర్ దిగి నడుచుకుంటూ ఒకాయన వస్తాడు. బల్ల పట్టుకుని ఆగి, 'ఇంకెంత ఉంది బాబూ?' అని అడుగుతాడు. 'దగ్గరే సార్, వచ్చేసింది' అనడం మన అలవాటు. అలా అనకండి. మూడు కిలోమీటర్లుంటే మూడు అనే చెప్పండి. ఆయన నీళ్లు తాగుతూ వాచీ చూసుకుని లెక్క వేసుకుంటాడు.