చత్వారానికి బీమా వర్తించదా?

కంట్లో శుక్లం ముదిరిన తరువాత శస్త్రచికిత్సకు ప్రభుత్వం డబ్బు చెల్లిస్తుంది. చూపు మందగిస్తున్నప్పుడు పరీక్షకూ కళ్లజోడుకూ ఎందుకు చెల్లించదని మేము అడుగుతున్నాము. 2007లో ఆరోగ్యశ్రీ, 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చినవి. రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకొని చేసే చికిత్స చుట్టూ అల్లినవే. ఆ లెక్కలో కళ్లజోడు వైద్యం కాదు, అంగట్లో కొనుక్కోవలసిన సరుకు!

ఈ లెక్క భారం ఎవరి మీద పడుతున్నదో మన మొహల్లాలలో తిరిగితే తెలుస్తుంది. మనవారిలో ఎందరో కంటితో బ్రతికే శ్రామికులు. జర్దోజీ కార్ఖానాలో మగ్గం మీద వంగి కూర్చున్నవారు, లాడ్ బజార్ గాజులకు ఇంట్లో రాళ్లు అతికే స్త్రీలు, దర్జీలు, గడియారాలు బాగుచేసేవారు. నలభై దాటగానే చత్వారం వస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి మనుమరాలిని పిలవవలసిన రోజు నుండి కూలి తగ్గుతుంది. అప్పుడు ఫుట్‌పాత్ మీద రెండు కళ్లకూ ఒకే నంబరున్న జోడు కొంటారు. ఆ కంట్లో నీటికాసులు మొదలైనా చెప్పేవారుండరు.

ఇది దయాధర్మాల విషయం కాదు, కూలి విషయం. బంగ్లాదేశ్‌లో దగ్గరి చూపుకు కళ్లజోళ్లు ఇచ్చిన గ్రామీణుల ఆదాయం ఎనిమిది నెలలలో సుమారు మూడోవంతు పెరిగినట్లు 2024లో ఒక అధ్యయనం తేల్చినది. అస్సాం తేయాకు తోటల కార్మికులపై 2018లో వెలువడిన అధ్యయనంలోనూ పని సామర్థ్యం ఇరవై శాతానికి పైగా పెరిగినది.

కంటి వెలుగు ఉన్నది గదా అంటారు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లోనూ, రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మంలోనూ ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలుపెట్టారు. మేలు జరగలేదని మేము అనము. మా ఇంట్లోనూ ఆ కళ్లజోళ్లు ఉన్నవి. కాని నంబరు మారుతుంది, శిబిరం మళ్లీ రాదు. శిబిరాలకు తాత్కాలికంగా తీసుకున్న ఆప్టోమెట్రిస్టులు పని ముగియగానే ఇంటిదారి పట్టారు. నాలుగేళ్లు చదివిన పట్టభద్రునికి మిగిలేది కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగమే. అక్కడ పరీక్ష ఉచితం, లాభమంతా ఫ్రేములో. ఉచితమైన పరీక్షకు విలువ ఎవరిస్తారు? అవసరం లేనివారికి సైతం జోడు అమ్మక తప్పని స్థితి అది.

బీమా పరీక్షకే రుసుము చెల్లిస్తే ఈ లెక్క తలక్రిందులవుతుంది. ఆప్టోమెట్రిస్టు చిన్న ఊరిలో కూర్చొనైనా బ్రతకగలడు, “మీకు జోడు అక్కరలేదు” అని చెప్పి పంపగలడు. జబ్బులు కనిపెట్టలేకపోతారేమోనన్న అభ్యంతరం ఒకటి ఉన్నది. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దృష్టి కేంద్రాలలో శిక్షణ పొందిన గ్రామీణ యువతీయువకులే మొదటి పరీక్ష జరిపి, అనుమానం ఉన్నవారిని పై వైద్యులకు పంపుతున్నారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్యవృత్తుల చట్టం పరిధిలోకి ఆప్టోమెట్రీ కూడా వచ్చినది. ఇక సంకోచమెందుకు?

అయితే బీమా వస్తే చాలునని మేము మురిసిపోవడం లేదు. ఇంగ్లండులో 1948లో కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చారు. 1951లో వాటికి రుసుము పెట్టారు. ఆ వైద్యసేవకు పునాది వేసిన అన్యూరిన్ బెవాన్ నిరసనగా మంత్రి పదవి వదులుకున్నారు. నేటికీ అక్కడ ప్రభుత్వం చెల్లించే పరీక్ష రుసుము ఖర్చుకు చాలక, ఆ లోటును కళ్లజోళ్ల అమ్మకంతో పూడ్చుకొంటున్నామని ఆప్టోమెట్రిస్టులు మొరపెట్టుకొంటున్నారు. ఇక్కడ బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేయడం రెండు రాష్ట్రాలలోనూ చూశాము. బిల్లుల ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసినవారము. ఆరు నెలలు ఆగిన బిల్లును పెద్ద గొలుసు దుకాణం భరిస్తుంది, మన సందులోని చిన్న దుకాణదారు షట్టరు దించుకొంటాడు. అప్పుడు బీమా కార్డు ఉంటుంది, పరీక్ష చేసేవాడుండడు.

అందుచేత పరీక్ష రుసుము, కళ్లజోడు ధర వేరువేరుగా నిర్ణయించాలి. ముప్పది రోజులలో చెల్లింపు జరగాలి. అర్హత ఉన్న చిన్న కేంద్రాలను జాబితాలో ముందు చేర్చాలి. దరఖాస్తు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఈ నాలుగు కోరికలతో మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు జిల్లా కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వాలి. తమ వాడలో ఎంతమంది దర్జీలు, జర్దోజీ పనివారు కళ్లజోడు లేక పని మానుకున్నారో లెక్క తీసి దానికి జతచేయాలి. అధికారులకు మన వేదన కన్న ఆ పట్టికే త్వరగా అర్థమవుతుంది.